విభూది బుధవారం నాటి తీర్మానం

హాజరైనవారు, పుస్తకంలో ఎక్కిన వరుసలో: మండల విద్యాధికారి ఫణీంద్ర గారు, వార్డు సభ్యులు రాఘవయ్య గారు, ప్రధానోపాధ్యాయులూ కమిటీ కన్వీనరూ అయిన వెంకట్రామయ్య గారు, ఉపాధ్యాయిని బిందు గారు, పాఠశాల కమిటీ అధ్యక్షురాలు కాంతమ్మ, సభ్యుడు మరియదాసు, తక్కిన సభ్యులు, తల్లులు నలుగురు.

వచ్చిన వరుస కావాలంటే ఈ జాబితాను కింది నుంచి పైకి చదువుకోవాలి. తల్లులు నలుగురూ తొమ్మిదింటికే వచ్చి తరగతి గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. మరియదాసు తన ఆటోను నీడకు నిలిపి వచ్చేసరికి తొమ్మిదిన్నర. విద్యాధికారి గారి కారు వచ్చినది పదకొండుంబావుకు. అది మే నెల చివరి వారం. రెంటచింతల ఎండ ఏటా పత్రికలకెక్కుతుంది; దానికి నాలుగు మైళ్ళ దూరంలోని తుమ్మలబోడు ఎండ అంతకు తక్కువది కాకపోయినా, కొలిచే యంత్రం అక్కడ లేనందున దానికి పేరు రాలేదు.

జాబితాలో ‘గారు’ అన్న మాట బిందు టీచరు దగ్గర ఆగిపోయిన సంగతి కాంతమ్మ గమనించింది. గమనించి ఊరుకున్నది. ఆనాడు ఆమెకు అంతకంటె పెద్ద పని ఉన్నది.

ఆ పని ఏమిటో, కథ కొత్తగా చేపట్టినవారి కోసం క్లుప్తంగా చెప్పాలి. తుమ్మలబోడు ప్రాథమిక పాఠశాలలో ఐదు తరగతులు, నలభై ఒక్కమంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు. జూన్‌లో బడులు తెరిచేనాటికి మూడు, నాలుగు, ఐదు తరగతులను కాలువకు అవతల ఉన్న ఉన్నత పాఠశాలలో కలిపివేస్తామని ఉత్తర్వు వచ్చింది. ఆ తరగతులు పోతే మిగిలేది పదహారుమంది పసివాళ్ళు, ఒక్క ఉపాధ్యాయుడు. అటువంటి బడి రెండేళ్ళకు మించి బతకదని లెక్కలు రానివాడు కూడా చెప్పగలడు. దానిని అడ్డుకుందామని కాంతమ్మ మండల కార్యాలయానికి వెళితే, ఫణీంద్ర గారు మాట్లాడకుండా ఒక జిరాక్సు కాగితం ఆమె చేతిలో పెట్టారు. విలీనం తమకు సమ్మతమేనని పాఠశాల కమిటీ చేసిన తీర్మానమది. కింద ఏడు సంతకాలు. మొదటిది కాంతమ్మది. దొంగ సంతకం కాదు. అక్షరాలా ఆమె చేతిరాత. కిందటి వారం ఆమెను మనం ఆ కాగితంతో కార్యాలయం మెట్ల మీద విడిచివచ్చాము.

ఆమె బస్సు దిగేలోగానే ఆ కాగితం ఫోనుల మీదుగా పల్లెకు చేరిపోయింది. బడిని కాంతమ్మే అప్పగించి వచ్చిందన్నారు. కుళాయి దగ్గర ఆమె బిందెను కాలితో పక్కకు జరిపారు. ఇరవైయిద్దరు ఆడవాళ్ళ కూలి ముఠాను పదేళ్ళుగా నడిపిన మనిషిని నాలుగు రోజులుగా ఎవరూ పలకరించలేదు. కడగొట్టు పిల్ల దీప్తి, నాలుగో తరగతికి రావలసినది, "నువ్వే పెట్టావంట గదమ్మా" అని అడిగింది. సంతకం తనది. పెట్టిన జ్ఞాపకం లేదు.

సోమవారం నాడు తుది జాబితా జిల్లాకు పోతుంది. ఈలోగా కమిటీ తన సమ్మతిని తానే రద్దు చేసుకుంటే తప్ప విలీనం ఆగదు. అందుకే ఈ సమావేశం.

ఫణీంద్ర గారు గదిలో ఉన్న ఒకే ఒక చేతుల కుర్చీలో కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"చెప్పమ్మా. ఫిబ్రవరిలో ఇష్టపడి సంతకం పెట్టారు. మే నెలకి ఇష్టం పోయిందా?"

"నేను దీనికి ఒప్పుకోలేదు సారూ."

"ఇది నీ సంతకం కాదా?"

"నాదే."

గోడ వార కూర్చున్న తల్లులలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అది వేడుక నవ్వు కాదు.

"ఏదో ఒకటి చెప్పక్కా," అన్నాడు మరియదాసు విసుగ్గా. "ఒప్పుకోలేదంటావు, సంతకం నాదంటావు. నీది మొదట ఉందని చూసే మేమూ పెట్టుంటాం."

"నీది రెండోది. నువ్వు పెట్టింది నీకు గుర్తుందా?"

మరియదాసు ఆలోచించాడు. "లేదు."

"మరి నన్నొక్కదాన్నే ఎందుకు పీక్కుతింటన్నారు?"

అప్పుడు రాఘవయ్య గొంతు సవరించుకున్నాడు. అరవై దాటిన మనిషి. మాగాణి ఉన్నది, మాట ఉన్నది. మనవళ్ళిద్దరూ పసుపుపచ్చ వ్యానులో గురజాల ప్రైవేటు బడికి పోతారు. ఈ రెండు గదులు ఖాళీ అయితే మిర్చి బస్తాలకు పనికివస్తాయని ఆయన ఒకటి రెండు చోట్ల అన్నట్లు ఊరిలో వినికిడి.

"ఏమే కాంతమ్మా, ఆఫీసరు గారి ముందర ఏంది ఆ మాటలు? మీ ఇద్దరికీ మతిమరుపొచ్చిందేమో, నాకు రాలా. ఆ రోజు పొద్దున పదింటికి ఇదే గదిలో కూర్చున్నాం. మాస్టారు చదివి వినిపించాడు. నువ్వు అదుగో, ఆ గడప దగ్గర కూర్చుని ‘సరే, కానీయండి’ అన్నావు. నా చెవులారా విన్నా."

"నేనన్నానా?"

"అన్నావు. పైగా పెద్ద బడికి పోతే పిల్లలకి మంచిదని కూడా అన్నావు."

"అంత మంచిదైతే మీ మనవళ్ళని కూడా పంపుదురూ, తోడుంటారు."

"వాళ్ళ సంగతి నీకెందుకు?"

"అంతేలెండి. వాళ్ళు వ్యానెక్కుతారు. మావాళ్ళు కాలవ కట్ట ఎక్కాలి."

ఫణీంద్ర గారు చేయి ఎత్తారు. "కాలువ గొడవ మళ్ళీ తీయవద్దు. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి కిలోమీటరు లోపల బడి ఉండాలని విద్యాహక్కు చట్టం నియమం. ఉంది. ఎనిమిది వందల డెబ్బై మీటర్లు. మీ తీర్మానంలోనే రాశారు." ఆయన ఫోను తీసి పటం తెరిచి అందరికీ కనబడేటట్లు పట్టుకున్నారు. ఈ బడి నుంచి ఆ బడికి సన్నని నీలిగీత సూటిగా పోతున్నది.

మరియదాసు మెడ చాచి చూశాడు. "ఆ గీత కాలవలో నుంచి పోయింది సార్."

"అయితే?"

"ఆ పటానికి ఈతొచ్చేమో. మా పిల్లలకి రాదు. లాకుల దాకా పోయి, వంతెన దాటి, ఆ గట్టున మళ్ళీ ఇంత దూరం వెనక్కి రావాలి. నా ఆటోలో చూశా. రెండు కిలోమీటర్లకి పైమాటే."

ఈసారి తల్లులు నలుగురూ నవ్వారు. ఫణీంద్ర గారి ముఖం ఎర్రబడింది. ఆయన చెడ్డ ఉద్యోగి కాదు. మండలంలో పద్దెనిమిది బడుల విలీనం నెలాఖరులోగా ముగించి పంపవలసిన మనిషి. పదిహేడింట ఎవరూ నోరెత్తలేదు. నోరెత్తిన పద్దెనిమిదవ ఊరిని ఆయన సహించలేకపోయారు.

"దూరం మీద అభ్యంతరముంటే సమావేశం రోజున చెప్పవలసింది. తీర్మానం చేసి, సంతకాలు పెట్టి, పటంలో తప్పులు వెతకడం ఏం పద్ధతి? ‘కమిటీ సమ్మతితో’ అని ఉత్తర్వులో ఉంది. సమ్మతి నా దగ్గర ఉంది. చట్టం మీకు కమిటీ ఇచ్చింది, నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగంమంది ఆడవాళ్ళుండాలంది. ఇంకేం చెయ్యాలి? సంతకం పెట్టేముందు చదవమని కూడా చట్టంలో రాయాలా?"

ఆ మాట కాంతమ్మకు గుచ్చుకుంది. గుచ్చుకున్నచోటే ఒక ఆలోచన మొలిచింది. తాను ఇంతవరకు చూసినది జిరాక్సు కాగితం. అదీ మెట్ల మీద, తన సంతకం ఒక్కటే చూసింది. పైన ఉన్నది చదవలేదు.

"మాస్టారూ, ఆ తీర్మానాల పుస్తకం ఇటియ్యండి."

వెంకట్రామయ్య గారు ఇంతవరకు ఒక్క మాట అనలేదు. పదకొండేళ్ళుగా ఆ బడిలో ఉన్న మనిషి. కాంతమ్మ పిల్లలు ముగ్గురికీ అక్షరాలు దిద్దించినవాడు. ఇంకొక ఎనిమిది నెలలలో పదవీ విరమణ. పుస్తకం ఆయన ఒడిలో ఉన్నది. ఆయన దానిని వెంటనే ఇవ్వలేదు.

"ఇయ్యండి మాస్టారూ. తినను."

బిందు టీచరు పుస్తకం అందుకుని తెచ్చి ఇచ్చింది. కాంతమ్మ ఏడవ తరగతి దాకా చదివింది. చదవడం నెమ్మది, కాని చదివినది మరచిపోదు. వేలు పెట్టి పైనుంచి మొదలుపెట్టింది. గది అంతా ఎదురుచూసింది. రాఘవయ్య రెండుసార్లు దగ్గాడు. ఫణీంద్ర గారు గడియారం చూసుకున్నారు.

రెండవ పంక్తిలో ఆమె వేలు ఆగింది. ‘ఫిబ్రవరి నెల పద్దెనిమిదవ తేదీ, బుధవారం, ఉదయం పది గంటలకు పాఠశాల ఆవరణలో సమావేశమై...’

ఫిబ్రవరి అంటే మిరపకోతలు జోరు మీద ఉండే నెల. ఆదివారం పూజకు పోయివచ్చిన తరువాత కూడా పొలం పిలుస్తుంది. అటువంటిది ఒక బుధవారం నాడు ముఠా మొత్తం కోతకు పోలేదు. కాయ చెట్టు మీదే ఎండిపోతున్నదని రైతు ఫోను చేసి నానా మాటలూ అన్నాడు. ఆ తిట్లు ఆమెకు బాగా జ్ఞాపకమున్నవి. ఎందుకు పోలేదో కూడా.

ఆమె తల ఎత్తింది. గొంతు మారలేదు.

"రాఘవయ్య గారూ, ఆ రోజు పదింటికి నేనీ గడప దగ్గర కూర్చున్నా."

"కూర్చున్నావు."

"మరియదాసు?"

"వాడూ ఉన్నాడు."

"ఈ నలుగురూ?"

"అందరూ ఉన్నారు. ఏంది, ఒట్టెయ్యమంటావా?"

"వద్దులెండి. నన్ను అంత బాగా చూశారుగా. ఆ రోజు నా నుదుటి మీద ఏముంది?"

"నుదుటి మీదా?" రాఘవయ్య ఫణీంద్ర గారి వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. "నీ నుదుటి మీద ఏముంటది? బొట్టు కూడా పెట్టవుగా."

నలుగురు తల్లులలో పెద్దామె "దేవా" అని గుండెల మీద చేయి వేసుకుంది. మరియదాసు కూర్చున్నవాడు లేచాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైనది.

"విభూది బుధవారం సారూ అది," అన్నది కాంతమ్మ. "తపసుకాలం మొదలయ్యే రోజు. పొద్దున ఏడింటికల్లా పల్లె పల్లే రెంటచింతల గుడికి పోయింది. మరియదాసు ఆటో రెండు విడతలు తిరిగింది. ఒంటిగంట దాకా మేం ఊళ్ళో లేం. నుదుటి మీద విభూది పెట్టించుకున్న మనుషులం, సాయంత్రం దాకా తుడవలా. ఆ రోజు నన్ను చూసినోళ్ళెవరూ నా నుదురు ఖాళీగా ఉందనరు."

ఫణీంద్ర గారు తొణకలేదు. "మీరు చర్చికి వెళ్ళినట్లు మీరే సాక్ష్యం. కాగితం ఏదైనా ఉందా?"

"మాకు కాగితం ఏడుంది? మీకుంది. బిందమ్మా, ఆ రోజు పిల్లలు ఎంతమంది వచ్చారు?"

బిందు టీచరు ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. పై అధికారి ముందు నోరు విప్పడం అదే మొదలు. "పిల్లల హాజరు యాప్‌లో ఉంటుంది సార్. మీ ఫోనులో కూడా కనబడుతుంది."

ఇందాక పటం చూపిన ఫోనునే ఆయన మళ్ళీ తెరవవలసివచ్చింది. తెరిచారు. చూశారు. చదవలేదు. మరియదాసు ఆయన భుజం మీదుగా వంగి చదివాడు. "నలభై ఒకటికి ముగ్గురు. అందరూ పైవీధి పిల్లలు. మా పల్లె నుంచి ఒక్కడు కూడా రాలా."

రాఘవయ్య కండువా సర్దుకున్నాడు. "నేను రోజు తప్పు చెప్పుంటా. బుధవారం కాదేమో. ముందురోజేమో."

"మీరు రోజు చెప్పలేదు రాఘవయ్య గారూ. పుస్తకం చెప్పింది. మీరు చెవులారా విన్నానన్నారు."

దొంగకు తేలు కుట్టినట్లు ఆయన ఊరుకున్నాడు.

"సరే," అన్నారు ఫణీంద్ర గారు. ఇప్పుడు ఆయన గొంతులో మర్యాద పూర్తిగా పోయింది. "ఏడుగురూ ఊళ్ళో లేరు. మరి ఏడు సంతకాలు ఎట్లా వచ్చాయి? నడిచి వచ్చాయా?"

అదే ప్రశ్నను కాంతమ్మ నాలుగు రోజులుగా తనను తాను అడుగుతున్నది. ఇప్పుడు ఆ పుట ఒడిలో ఉన్నది గనుక దాని వైపు మళ్ళీ చూసింది. పైన రాత ఇరుకుగా, పంక్తి మీద పంక్తి ఎక్కి ఉన్నది. కింద సంతకాలు మాత్రం ఒకదానికొకటి దూరంగా, తీరికగా ఉన్నవి. తీర్మానం సంతకాల కోసం చోటు వదిలినట్లు లేదు. సంతకాలు వదిలిన చోటులో తీర్మానం ఇమిడినట్లు ఉన్నది.

అప్పుడు ఆమెకు తెలిసింది.

తుమ్మలబోడులో ఒక అలవాటు ఉన్నది. అది ఒక్కనాటిది కాదు, ఒకరిది కాదు. కమిటీ నెలకొకసారి కూర్చోవాలని నియమం. బడి నడిచేది పగలు; కమిటీలోని వారంతా కూలికి పోయేది పగలు. చట్టం కాంతమ్మ వంటివారికి కుర్చీ వేసింది గాని, కూర్చునే తీరిక ఇవ్వలేదు. కనుక కోతల కాలంలో వెంకట్రామయ్య గారు తెల్లవారుతూనే తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకుని ఆటోలు నిలిచేచోటికి వచ్చేవారు. జనవరి, ఫిబ్రవరి, మార్చి, మూడు నెలలకు మూడు ఖాళీ పుటలు. అన్నం డబ్బాలు ఒక చేత, కలం ఒక చేత, అందరూ అడుగున వరుసగా సంతకాలు పెట్టేవారు. మాస్టారు తరువాత తీరికగా పైన రాసుకునేవారు: మధ్యాహ్న భోజనం బాగున్నది, మరుగుదొడ్డి తలుపు బాగుచేయించవలెను. ఒక రోజు కూలి పోకుండా కాపాడుతున్నాడని పల్లె ఆయనను మెచ్చుకునేది. ఆయన కూడా అది ఉపకారమనే అనుకునేవారు.

కాంతమ్మ ఈ సంగతి దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపు ఆమె వెంకట్రామయ్య గారి ముఖం చూడలేదు.

ఫణీంద్ర గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టారన్నమాట. నువ్వు అధ్యక్షురాలివి. మొదటి సంతకం నీది."

"పెట్టాను. తప్పే."

"తప్పు కాదమ్మా, ఇంకా పెద్ద మాట ఉంది దానికి. మీ అధికారాన్ని మీరే తీసుకుపోయి ఆటోల దగ్గర పారేశారు. ఇప్పుడు వెతుక్కుంటూ నా దగ్గరకు వచ్చారు. ఈ కమిటీని నేను ఇవాళే రద్దుకు రాయవచ్చు."

"రాయండి. ముందు మేం దీన్ని రద్దు చేసినాక."

ఆయన కాసేపు ఆమెను పరీక్షగా చూశారు. తరువాత గొంతు తగ్గించారు. గొంతు తగ్గించినప్పుడే ఆయన ఎక్కువ ప్రమాదకరమని ఆమెకు వెంటనే అర్థమైనది.

"రద్దు చేస్తే కారణం రాయాలి. ఏమని రాస్తావు? సమావేశం జరగలేదు, హెడ్మాస్టరు దొంగ తీర్మానం రాశాడు, అంతేగా? రాయి. ఈ సాయంత్రానికి ఆయన సస్పెన్షన్‌లో ఉంటాడు. ఎనిమిది నెలలుంది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, పెన్షను, అన్నీ విచారణ తేలేదాకా ఆగుతాయి. ఎప్పటికి తేలుతుందో దేవుడికి తెలియాలి. మీ పిల్లలకు చదువు చెప్పినాయన. ఆయన భార్యకు డయాలసిస్ అని విన్నాను. లేదూ, ఆ తీర్మానం అట్లాగే ఉండనీ. పిల్లలు పెద్ద బడికి పోతారు, మాస్టారు గౌరవంగా ఇంటికి పోతాడు. మూడు తరగతులు ఒకవైపు, ఒక మనిషి ఒకవైపు. నువ్వే చెప్పు."

మరియదాసు నేల చూశాడు. తల్లులలో ఒకామె, "ఆ పాపం మనకొద్దు కాంతమ్మా," అని గొణిగింది. నాలుగు రోజులుగా బిందె తన్నిన మనిషి ఆమె.

కాంతమ్మ అప్పుడు వెంకట్రామయ్య గారి వైపు తిరిగింది. ఈయన కాదన్నా బాగుండునని ఒక క్షణం అనిపించింది. ఎవరో రాశారని, తనకు తెలియదని ఒక అబద్ధమాడినా నమ్మడానికి ఆమె సిద్ధంగా ఉన్నది.

"మాస్టారూ, మా సంతకాలు మీ దగ్గర దాచుకున్నాం. వాడుకోమని ఇవ్వలా."

ఆయన లేచి నిలబడ్డారు.

"రాయించమ్మా," అన్నారు. "నేనే రాశాను."

"మాస్టారూ, ఆలోచించుకుని మాట్లాడండి," అన్నారు ఫణీంద్ర గారు.

"మూడు నెలల నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను సార్. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ సాయంత్రం నాలుగింటికి నా ఫోనుకి ఒక నమూనా వచ్చింది. ఇది మీ పుస్తకంలో ఎక్కించి, ఫోటో తీసి, ఐదింటిలోగా పంపాలి, లేకపోతే సంజాయిషీ నోటీసు అని కింద ఉంది. గంట వ్యవధి. వీళ్ళందరూ పొలాల్లో ఉన్నారు. పేజీ కింద సంతకాలు ఉన్నాయి, పైన ఖాళీ ఉంది. భయపడ్డాను. ఈ వయసులో నన్ను ఏ కొండకిందకో బదిలీ చేస్తారని భయం. రాసి పంపాను. ఎట్లాగూ జరిగేదే, నేను రాసినా రాయకపోయినా ఒకటే అని సర్దిచెప్పుకున్నాను. ఆ పూట అన్నం తిన్నాను కూడా."

చివరి మాట ఆయన తనను తాను తిట్టుకున్నట్లు అన్నారు.

"విభూది బుధవారమని మీకు గుర్తు రాలేదా?" అన్నాడు మరియదాసు. "ముగ్గురు పిల్లలతో బడి నడిపారుగా ఆ రోజు."

"తేదీ నేను వెయ్యలేదు మరియదాసూ. నమూనాలోనే ఉంది. పద్దెనిమిది, బుధవారం, ఉదయం పది గంటలు. దూరం అంకె ఒక్కటి ఖాళీ వదిలారు. అది కూడా తరువాత ఫోను చేసి చెప్పారు." ఆయన చేయి జేబులోని ఫోను మీదకు పోయింది. "ఆ సందేశం నా ఒక్కడికి రాలేదు. మండలంలో విలీనమయ్యే పద్దెనిమిది బడులకూ ఒకేసారి వచ్చింది. పద్దెనిమిది కమిటీలు ఒకే రోజున, ఒకే గంటకు, ఒకే మాటలతో ఒప్పుకున్నాయి సార్. నేను ఆ సందేశం చెరపలేదు. ఎవరి నంబరు నుంచి వచ్చిందో కూడా దాంట్లోనే ఉంది."

ఫణీంద్ర గారు లేచారు. లేచిన వేగానికి చేతుల కుర్చీ వెనక్కి జరిగి గోడకు కొట్టుకున్నది.

"ఆ పుస్తకం ఇటివ్వండి."

పుస్తకం కాంతమ్మ ఒడిలో ఉన్నది. ఆమె దానిని మూసి, రెండు చేతులూ మీద పెట్టుకున్నది.

"ఇది కమిటీది సారూ."

"అది ప్రభుత్వ రికార్డు. నేను స్వాధీనం చేసుకుంటున్నాను."

"చేసుకుంటే చేసుకుందురు గాని, కూర్చోండి. సమావేశం అవలేదు. అధ్యక్షురాలిని నేను. పైన హాజరైనవారిలో మీ పేరు మొదట రాయించాను. లేచిపోతే ఎన్నింటికి పోయారో కూడా రాయిస్తా."

తల్లులు నలుగురూ అప్పటికి లేచి నిలుచున్నారు. కాంతమ్మకూ ఆయనకూ నడుమ నిలిచారు, అంతే. మరియదాసు గుమ్మంలోకి జరిగి, అధికారి గారు పోదలిస్తే పోవడానికి సరిపడినంత దారి మాత్రం వదిలాడు.

ఫణీంద్ర గారు ఆ దారిన పోయారు. గుమ్మం దగ్గర వెనుదిరిగి వెంకట్రామయ్య గారి వైపు వేలు చూపారు. "సోమవారానికి నువ్వు హెడ్మాస్టరువి కావు. హెడ్మాస్టరు కానివాడి ఫోనులో ఏముంటే ఎవడికి కావాలి?"

"సోమవారం నరసరావుపేటలో కలెక్టరు గారు అర్జీలు తీసుకుంటారు సారూ," అన్నది కాంతమ్మ. "మేమూ అక్కడే ఉంటాం. ఆయన హెడ్మాస్టరైనా కాకపోయినా పక్కనే నిలబెట్టుకుంటాం."

కారు వెళ్ళిపోయింది. రాఘవయ్య కూడా వెళ్ళబోయి, నిన్ను మాత్రం వదిలేదెట్లా అన్నట్లు మరియదాసు చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాడు. "నేను దేనికీ ఒప్పుకోను," అన్నాడు. "ఒప్పుకోలేదనే రాస్తాం," అన్నది కాంతమ్మ. "ఈసారి మీరు నిజంగా ఉన్నారు గనక."

వెంకట్రామయ్య గారు ఆమె దగ్గరకు రెండడుగులు వేశారు. "కాంతమ్మా..."

"వద్దు మాస్టారూ. మిమ్మల్ని నేను క్షమించలా. నాలుగు రోజులు నా పిల్ల నన్ను చూసిన చూపు మీకు తెలియదు. అది నాకూ మీకూ మధ్య ఉంది, ఉంటది. పుస్తకంలో మాత్రం జరిగింది జరిగినట్టు ఉండాల." ఆమె బిందు టీచరుకు పుస్తకం అందించింది. "రాయమ్మా. అందరూ చూస్తుండగా పైనుంచి కిందికి రాయి. రాసి, చదివి వినిపించు. వినిపించినాకే సంతకాలు."

మొదటి తీర్మానంతో ఫిబ్రవరి నాటి సమ్మతి రద్దయింది. రెండవ దానితో నడకదారిని మనిషి నడిచి కొలవాలని కోరారు. మూడవదాని దగ్గర బిందు టీచరు కలం ఆగి, ఏమని రాయమంటారని అడిగింది. కాంతమ్మ ఒకసారి మాస్టారి వైపు చూసింది. తరువాత ఒక్కొక్క ముక్కా తన మాటల్లో చెప్పింది. బిందు దానిని తీర్మానాల భాషలో పెట్టింది. పూర్తయిన తరువాత లేచి నిలబడి, అందరికీ వినబడేటట్లు చదివింది:

"మూడవ తీర్మానము. ఫిబ్రవరి పద్దెనిమిదవ తేదీన ఈ కమిటీ సమావేశము జరగలేదనియు, సభ్యులు ముందుగా సంతకములు చేసి ఇచ్చిన ఖాళీ పుటలో సమ్మతి తీర్మానమును తామే రాసితిమనియు, దాని నమూనా తేదీతో సహా తమకు ఫోనులో వచ్చినదనియు, ఆ సందేశము నేటికిని తమ వద్ద భద్రముగా ఉన్నదనియు, ప్రధానోపాధ్యాయులు శ్రీ వెంకట్రామయ్య గారు, తమకు కలుగబోవు నష్టము తెలిసియు, మండల విద్యాధికారి గారి సమక్షమున, ఎవరి బలవంతమును లేకుండ చెప్పినారు. వారు చేసిన పనిని ఈ కమిటీ తప్పుగా నమోదు చేయుచున్నది. వారు నేడు చెప్పిన నిజమును కృతజ్ఞతతో నమోదు చేయుచున్నది."